రొయ్య మేతలో చేప ఎందుకు?

భీమవరం, నెల్లూరు వైపు చుట్టాలున్నవాళ్లకు రొయ్యల చెరువులు కొత్త కాదు. మన దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక ఈ సాగు బాగా పెరిగింది. రైతు పెట్టే ఖర్చులో సగం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, మేతకు పోతుంది. ఆ మేతలో ఖరీదైన సరుకుల్లో ఒకటి చేపపొడి.

చిన్న చేపల్ని ఉడికించి, నూనె పిండేసి, ఎండబెట్టి పొడి చేస్తే అదే చేపపొడి. మనం ఇక్కడ చాళై అంటామే, ఆంధ్రలో కవ్వలు అంటారు, అలాంటి చేపలు ఇందులోకి పోతాయి. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేపలు కావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. కిలో రొయ్య పెరగడానికి కిలోన్నర మేత పట్టిందనుకోండి. అందులో నూటికి పదిహేను పాళ్లు చేపపొడి ఉంటే, అది 225 గ్రాములు. పూర్తి చేపలతోనే ఆ పొడి చేస్తే, దాదాపు కిలో చేప అయిపోయింది! అంటే పేదవాళ్లు చవగ్గా కొనుక్కు తినే చేప, విదేశాలకు పోయే రొయ్యకు మేత అవుతోంది. పైగా సరఫరాకూ నమ్మకం లేదు. ప్రపంచంలో చేపపొడి ఎక్కువగా చేసేది పెరూ దేశం. 2023లో ఎల్ నినో వచ్చి అక్కడ ఆంకోవీ చేపల మొదటి సీజన్ వేటే రద్దయింది.

మరి చేప బదులు సోయా చెక్క పెట్టేస్తే సరిపోదా? ఇప్పటికే చాలా పెడుతున్నారు. కానీ చేపపొడిలో నూటికి అరవై పాళ్ల దాకా మాంసకృత్తులుంటే సోయాలో నలభై అయిదు, ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మెథియొనీన్ అనే అమైనో ఆమ్లం కూడా తక్కువ. రొయ్య తన ఒంట్లో కొలెస్టరాల్ తయారుచేసుకోలేదు, మేతలోనే అందాలి. సోయాలో అది దాదాపు లేనట్టే. ఇంకో చిక్కు వాసన. రొయ్య మేతను వాసన పట్టే వెతుక్కుంటుంది. వాసన నచ్చకపోతే తినదు, మిగిలిన మేత చెరువు అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి. అందుకే సోయా ఎక్కువ వేసినప్పుడు మెథియొనీన్, కొలెస్టరాల్ విడిగా కలుపుతారు. వాసనకు కొంచెం స్క్విడ్ పొడి లాంటిది వేస్తారు. సోయా ధర కూడా ఎప్పుడూ నిలకడగా ఉండదు. 2021లో ధర బాగా పెరిగితే కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి ఒప్పుకోవలసి వచ్చింది.

మన రాజపాళయం మిల్లుల ఊరు కాబట్టి పత్తి గుర్తుకొస్తుంది. పత్తి గింజల చెక్క, అదే అరవంలో పరుత్తి పుణ్ణాక్కు, ఆవులకు పెడతాం. దాంట్లో మాంసకృత్తులున్నాయి, కానీ గాసిపాల్ అనే విషపదార్థం కూడా ఉంది. ఆవు నెమరువేసే జంతువు కాబట్టి కొంతవరకు తట్టుకుంటుంది. రొయ్యకు మాత్రం కొలత చూసి కొద్దిగానే వాడాలి.

ఇప్పుడు అందరూ చూస్తున్నది పురుగుల వైపు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు కూరగాయల చెత్త తిని బలుస్తాయి. ఎండబెడితే నూటికి నలభై పాళ్లు మాంసకృత్తులే! మార్కెట్టు చెత్త మేతగా మారడం మంచిదేగా. అయితే వీటిని పెద్ద ఎత్తున, చవగ్గా తయారు చెయ్యడం ఇంకా కష్టంగానే ఉంది. ఈస్టు, బాక్టీరియా లాంటి సూక్ష్మజీవుల్ని పెంచి ఎండబెట్టి వాడే పద్ధతీ ఉంది. చెన్నైలో 1987లో పెట్టిన కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధనా సంస్థ, సీబా, మన దేశపు సరుకులతోనే ‘వనామి ప్లస్’ అనే మేత తయారుచేసింది.

చేపపొడిని పూర్తిగా తీసేసే ఒక్క వస్తువేదీ ఇంతవరకు లేదు. ఒకదాని లోటు ఇంకొకటి తీర్చేలా నాలుగైదు కలపడమే దారి. అలా మేతలో చేపపొడి సగానికి తగ్గినా, పైన వేసిన లెక్కలో కిలో రొయ్యకు అరకిలో చేప మిగులుతుంది. ఆ అరకిలో చేపతో ఒక ఇంట్లో ఒకపూట కూర అవుతుంది.