గ్రానోలా: గిన్నెడు కాదు, గుప్పెడు

సూపర్ మార్కెట్లో గ్రానోలా ప్యాకెట్ ముందువైపు అంతా కళకళలాడుతూ ఉంటుంది. ఓ గోధుమ కంకి, జారుతున్న తేనె బొట్టు, రెండు బాదం పలుకులు, పక్కనే ‘సహజం’ అన్న మాట. అసలు సంగతి వెనకవైపు సన్న అక్షరాల్లో ఉంటుంది. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది మన దేశంలో ఆహార లేబుళ్ల నియమం. కాబట్టి ఓట్స్ పక్కనే తీపి పదార్థం పేరు కనిపిస్తే అది ఏ చిటికెడో వేసింది కాదని అర్థం. పైగా ఆ తీపి ఒక్క పేరుతో రాదు. పంచదార, తేనె, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంటూ వేషాలు మార్చుకుని వస్తుంది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ కొంచెమే అనిపిస్తుంది, అన్నీ కూడితే తెలుస్తుంది లెక్క.

2016లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఓ సర్వే చేసింది. ఒకే ఆహార పదార్థాల జాబితాను మామూలు జనానికీ, పోషకాహార నిపుణులకూ ఇచ్చి ఏవి ఆరోగ్యకరమో చెప్పమంది. అన్నిటికంటే ఎక్కువ అభిప్రాయభేదం వచ్చింది గ్రానోలా బార్ దగ్గరే. జనంలో సుమారు 70 శాతం మంది మంచిదన్నారు. నిపుణుల్లో అలా అన్నవాళ్లు 30 శాతం కూడా లేరు.

అంటే ఓట్స్, గింజలు, పప్పులు చెడ్డవని కాదు. వాటిని అంటిపెట్టుకుని ఉన్న తీపి, నూనె ఎంతన్నదే ప్రశ్న. ఇంట్లో చేసుకుంటే ఆ కొలత కొట్టువాడి చేతిలోంచి వంటింట్లోకి వస్తుంది. ఇంటి గ్రానోలాకున్న అసలు లాభం ఇదే. రుచి, తాజాదనం కొసరు.

ఓ మోస్తరు డబ్బా నిండడానికి 300 గ్రాముల రోల్డ్ ఓట్స్, అంటే సుమారు మూడు కప్పులు చాలు. ప్యాకెట్ మీద ‘ఇన్‌స్టంట్’ అని ఉన్నవి పనికిరావు. మరీ పల్చగా ఉండి పొడిపొడి అయిపోతాయి. ‘స్టీల్ కట్’ రకం ఎంత వేయించినా పంటికి రాళ్లలా తగులుతుంది. ఓట్స్‌కి తోడు 100 గ్రాముల పప్పులు: బాదం, జీడిపప్పు, పల్లీలు, ఏవైనా సరే, ముక్కలు చేసినవి. పల్లీలు ఉన్నంత మాత్రాన గ్రానోలా తక్కువరకం అయిపోదు. ప్రొటీన్‌లో అవి బాదంకి ఏమాత్రం తీసిపోవు, ధరలో మాత్రం చాలా దూరం. ఇంకో 50 గ్రాములు గుమ్మడి, పొద్దుతిరుగుడు గింజలు, నువ్వులు, అవిసెలు. పావు చెంచా ఉప్పు, కొద్దిగా దాల్చినచెక్క పొడి లేదా యాలకుల పొడి. ఉప్పు తప్పనిసరి. అది ఉంటేనే తక్కువ బెల్లం కూడా నాలుకకు తెలుస్తుంది.

తడి భాగంలో 60 గ్రాముల బెల్లం, మూడు పెద్ద చెంచాల నూనె. ఇక్కడే చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఓ పొరపాటు చేస్తారు. బెల్లం పొయ్యి మీద పెట్టగానే అలవాటు కొద్దీ పాకం పట్టేస్తారు. గ్రానోలాకి పాకం అక్కర్లేదు. రెండు మూడు చెంచాల నీళ్లలో బెల్లం కరిగి, ఒక్క పొంగు వస్తే చాలు. వడకట్టి నలకలు తీసేసి, నూనె కలిపి, ఓట్స్ మిశ్రమంలో పోసి ప్రతి అటుకుకీ పట్టేలా కలపాలి. ఉండపాకం దాకా వెళ్లిందో, చేతికొచ్చేది గ్రానోలా కాదు, ఓట్స్ చిక్కీ. తేనె వాడేవాళ్లకు ఈ గొడవే లేదు గానీ, తేనెలోని ఫ్రక్టోజ్ వేడికి తొందరగా రంగు మారుతుంది కాబట్టి ఓ కన్ను పొయ్యి మీదే ఉంచాలి.

ముందే వేడిచేసిన ఒవెన్‌లో 150 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పళ్లెంలో పల్చగా పరిచి, పది నిమిషాలకోసారి అంచుల్లోది మధ్యకీ మధ్యలోది అంచులకీ తిప్పాలి. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ సదుపాయం ఉంటే అదీ చాలు. ఒవెన్ లేని ఇళ్లలో అడుగు మందంగా ఉన్న బాణలి అక్కరకొస్తుంది. ముందు పప్పులు, తర్వాత ఓట్స్ విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చివర్లో బెల్లం నీళ్లు, నూనె కలిపి, తడి పోయేదాకా గరిటె ఆపకుండా తిప్పాలి. ఒవెన్‌లో చేసినంత సమంగా వేగదు, రుచికి మాత్రం లోటుండదు.

ఆ కమ్మటి వాసన వెనక ఓ రసాయన శాస్త్ర పాఠం ఉంది. వేడికి చక్కెరలూ ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలూ ఒకదానితో ఒకటి చర్య జరిపి గోధుమ రంగునీ కొత్త పరిమళాలనీ పుట్టిస్తాయి. దీన్నే మైలార్డ్ చర్య అంటారు. అయితే కరకరలాడడం మాత్రం ఒవెన్‌లో మొదలై పళ్లెంలో పూర్తవుతుంది. బయటికి తీసినప్పుడు గ్రానోలా మెత్తగానే ఉంటుంది. చల్లారేకొద్దీ తీపి పూత గట్టిపడి బిరుసెక్కుతుంది. ఈ సంగతి తెలియక ఇంకో పది నిమిషాలు వేయిస్తే పప్పులు మాడి చేదెక్కుతాయి. ముద్దలు ముద్దలుగా కావాలనుకునేవాళ్లు చివరి పది నిమిషాలు కదపకుండా, అట్లకాడతో అదిమి ఉంచి, పూర్తిగా చల్లారాకే విరవాలి. ఒక గుడ్డు తెల్లసొన గిలకొట్టి కలిపితే తీపి పెంచకుండానే ముద్ద కడుతుంది. గుడ్డు ముట్టనివాళ్లు అవిసె పొడి నీళ్లలో నానబెట్టి వాడుకోవచ్చు, ఆ జిగురూ పనిచేస్తుంది. ఎండు ద్రాక్ష, ఖర్జూరం ముక్కలు దించాకే కలపాలి. ముందే వేస్తే అవి పంటి కింద గులకరాళ్లే.

ఇంత రుచిగా ఉండే ఈ పదార్థం పుట్టింది ఓ ఆరోగ్యాశ్రమంలో అంటే, అదీ చప్పిడి తిండిగా అంటే, నమ్మబుద్ధి కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ ఊళ్లో జలచికిత్స ఆశ్రమం నడిపిన జేమ్స్ కాలెబ్ జాక్సన్ 1863లో ముడి గోధుమపిండిని రొట్టెల్లా కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చాడు. దానికి ‘గ్రానులా’ అని పేరు పెట్టాడు. అది ఎంత గట్టిదంటే రాత్రంతా పాలలో నానబెడితే గానీ నమలడం కుదిరేది కాదు. మిచిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో ఇలాంటి ఆశ్రమాన్నే నడిపిన డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ గోధుమ, ఓట్స్, మొక్కజొన్న కలిపి తనదో రకం చేశాడు, అదే పేరుతో. జాక్సన్ పక్షం నుంచి కోర్టు తగాదా రావడంతో ఒక్క అక్షరం మార్చి ‘గ్రానోలా’ అన్నాడు. తర్వాత ఆ పేరు దాదాపు మరుగున పడింది. 1960ల్లో హిప్పీలు దాన్ని మళ్లీ పట్టుకున్నారు. ఈసారి ఓట్స్, తేనె, నూనె, గింజలతో. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఆకలితో ఉన్న జనానికి కాగితం కప్పుల్లో పంచడంతో హిప్పీ తిండిగా దాని పేరు మారుమోగింది. 1970ల్లో పెద్ద కంపెనీలు రంగంలోకి దిగాయి. ప్యాకెట్లోకి తీపి పోటెత్తింది అప్పుడే.

ఓట్స్‌కున్న మంచిపేరు మాత్రం ఊరికే వచ్చింది కాదు. అందులో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. రోజుకి 3 గ్రాములు అందితే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుందన్న ఆధారాల మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఓట్స్ లేబుళ్ల మీద గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చన్న మాట రాసుకోవడానికి అనుమతించింది. అయితే 3 గ్రాముల కోసం సుమారు 75 గ్రాముల ఓట్స్ తినాలి. గుప్పెడు గ్రానోలాలో ఉండేది అందులో మూడో వంతు.

ఓట్సే ఎందుకు, జొన్న అటుకులు వాడకూడదా? నిక్షేపంగా వాడొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న అటుకుల వంటి ఉత్పత్తుల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఇప్పుడవి కొట్లలో సులువుగానే దొరుకుతున్నాయి. ఓట్స్‌లో ఉన్నంత బీటా గ్లూకాన్ వాటిలో ఉండదు, రుచి మాత్రం మన నోటికి ఇంకా దగ్గర. సగం ఓట్స్, సగం జొన్న అటుకులు మంచి రాజీ. పేలాలు వేయాలనుకుంటే ఎండు ద్రాక్షలాగే ఆఖర్న కలపాలి.

బెల్లం వేశాం కాబట్టి ఎంత తిన్నా ఫరవాలేదన్న ధీమా వద్దు. ఒంటికి బెల్లమైనా తేనె అయినా చక్కెర కిందే లెక్క. ఇలా బయటినుంచి చేరే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు, అంటే సుమారు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పై కొలతల ప్రకారం చేసిన 50 గ్రాముల గ్రానోలాలో బెల్లం అయిదారు గ్రాములు మించదు. కేలరీలు మాత్రం 240 దాకా ఉంటాయి, పప్పులూ నూనే అందుకు కారణం. గిన్నె నిండా పోసుకుని పైన పాలు చిలకరించడం కాదు, గిన్నెడు పెరుగు మీదో బొప్పాయి ముక్కల మీదో గుప్పెడు చల్లుకోవడం దీని పద్ధతి. ఏడాది నిండని బిడ్డలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అయిదేళ్లలోపు పిల్లలకు పప్పులు గొంతుకు అడ్డం పడకుండా పొడి చేసే ఇవ్వాలి.

మూత పెట్టే తొందర చాలా డబ్బాలను పాడుచేస్తుంది. గోరువెచ్చగా ఉండగానే మూస్తే లోపలి ఆవిరికి మొత్తం మెత్తబడిపోతుంది. గాలి చొరని గాజు సీసాలో పోసి, పొడి చెంచాతోనే తీసుకుంటే రెండు మూడు వారాలు నిలుస్తుంది. విశాఖలాంటి తీరప్రాంతంలో, వానాకాలంలో, ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. అవిసెలు, పల్లీలు వేడికి ముక్కవాసన పట్టే భయమూ తగ్గుతుంది. చెమ్మ తగిలి మెత్తబడినా పారేయనక్కర్లేదు. ఎండు ద్రాక్ష ఏరి పక్కన పెట్టి, 150 డిగ్రీల దగ్గర అయిదారు నిమిషాలు వేడిచేసి చల్లారబెడితే మళ్లీ కరకరలాడుతుంది.