ఊళ్లో ‘ఉద్యోగం’... ఫ్యాక్టరీలో శిక్షణ!

గాజువాక: ఉదయం ఆరు కొట్టకముందే ఇక్కడి టీ బడ్డీల దగ్గర కుర్రకారు మూగుతారు. చేతిలో క్యారేజీ, భుజాన సంచీ, కాళ్లకు బరువైన బూట్లు. చోడవరం, మాడుగుల, పాయకరావుపేట వైపు నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి గదికి ముగ్గురు నలుగురుగా సర్దుకుంటున్న వారే ఎక్కువ. మావాడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని ఊళ్లో తల్లిదండ్రులు చెప్పుకుంటారు. నిజానికి వచ్చింది ఉద్యోగం కాదు, అప్రెంటిస్ శిక్షణ. ఈ రెంటికీ ఉన్న తేడా చాలా ఇళ్లలో ఏడాది తిరిగాక గాని తెలియడం లేదు.

ఆకురాయితో మొదలు

ఐ.టి.ఐ.లో రెండేళ్లు ఫిట్టర్ ట్రేడ్ చదివి వచ్చినా, మొదటి రోజునే పెద్ద యంత్రం ఎవరూ అప్పగించరు. వైసులో ఇనుప ముక్క బిగించి, చేతికి ఆకురాయి ఇచ్చి చదును చేయమంటారు. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి. వెనక్కి లాగేటప్పుడు ఒత్తితే ఆకురాయి పళ్లు పోతాయి. కొత్తవాడి చెయ్యి ఊగుతుంది కనుక ముక్క మధ్యలో ఉబ్బి, అంచుల్లో వాలిపోతుంది. కంటికి మాత్రం అద్దంలా ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు మేస్త్రి సర్ఫేస్ ప్లేటుకు నీలిరంగు పలచగా పూసి, దాని మీద ముక్కను రుద్దుతాడు. ఎత్తుగా ఉన్న చోటల్లా రంగు అంటుకుంటుంది. ఇక వాదించడానికి ఏమీ ఉండదు. మళ్లీ వైసు దగ్గరికే. పార, గునపం పట్టిన చేతులకు కూడా వారం తిరిగేసరికి బొబ్బలు లేస్తాయి.

పొలం గట్టు జానెడు అటూ ఇటూ అయితే పెద్దమనుషులు కూర్చుని సర్దుతారు. ఇక్కడ ఆ సర్దుబాటు లేదు. వెర్నియర్ కాలిపర్ మిల్లీమీటరులో యాభయ్యో వంతును, మైక్రోమీటరు వందో వంతును చూపిస్తాయి. బేరింగులో దిగాల్సిన ఇరుసు లావైతే లేత్ మీద మరికొంచెం తీయవచ్చు. సన్నబడిందా, తుక్కు గంపలోకే. అందుకే చివరి కోతకు ముందు రెండుసార్లు కొలవనివాడిని మేస్త్రి యంత్రం దగ్గర నిలవనివ్వడు.

చేతి తాడు గేటు దగ్గరే

లేత్ దగ్గర పొడుగు చేతుల చొక్కా వదులుగా ఉండరాదు. ఉంగరం, గడియారం ఉండరాదు. చేతులు కాపాడే తొడుగులు సైతం తిరిగే చక్ దగ్గర పనికిరావు, దారం చిక్కితే చెయ్యినే లాగేస్తుంది. అమ్మవారి గుడిలో తల్లి కట్టిన తాడు తీసేయమంటే కొందరు నొచ్చుకుంటారు. తీయక తప్పదు. చక్ బిగించిన తాళం అందులోనే మరిచి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. చుట్టలు చుట్టుకుని వచ్చే ఇనుప పొట్టు కత్తిలా కోస్తుంది, నిప్పులా కాలుస్తుంది. దాన్ని కొక్కెంతో లాగాలి గాని చేత్తో ముట్టరాదు. ఈ సంగతులు మొదటి వారంలో చెప్పేవాడు లేకపోతే వేళ్లు పోగొట్టుకున్నాకే తెలుస్తాయి.

చట్టం ఏమంటోంది?

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ పొందేవాడు కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా అందులో లేదు. మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందిన వారికి ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాధాన్యం వేరు, హామీ వేరు.

అయితే కార్మికుడు కాడంటే అనాథ అని కాదు. ఫ్యాక్టరీల ఆరోగ్య, భద్రతా నియమాలు అతనికీ వర్తిస్తాయి. శిక్షణలో గాయపడితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే. పీసుల లెక్కన డబ్బు కట్టి పని చేయించుకోరాదు. 2019లో సవరించిన నిబంధనలు ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు కనీసం రూ. 7,000 స్టైఫండ్ నిర్ణయించాయి. గది అద్దె, మెస్సు, బస్సు ఖర్చులు పోగా ఆ సొమ్ములో ఇంటికి పంపేది స్వల్పమే.

అసలు చిక్కు మరోచోట ఉంది. అప్రెంటిస్‌గా చేర్చుకుంటే ఒప్పందపత్రం రాసుకోవాలి, దాన్ని రిజిస్టరు చేయించాలి. కొన్ని చోట్ల ఆ ఊసే ఉండదు. ‘ట్రైనీ’ అన్న పేరు పెట్టి, సరుకు ఎత్తడానికి, షెడ్డు ఊడవడానికి, ఒకే బోల్టు నెలల తరబడి బిగించడానికి కుర్రాళ్లను వాడుకుంటున్నారు. ఏడాది తర్వాత చేతిలో మిగిలేది లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు. రిజిస్టరైన ఒప్పందం ఉన్నవాడు శిక్షణ పూర్తిచేసి, అఖిల భారత ట్రేడ్ పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ వస్తుంది. వేరే రాష్ట్రంలో పనికి వెళ్లినా, గల్ఫ్‌కు వెళ్లినా అడిగేది ఆ కాగితాన్నే. చేరే రోజున స్టైఫండ్ ఎంత అని అడిగే తండ్రులు, ఒప్పందం రిజిస్టరైందా అని మాత్రం అడగడం లేదు. చదువు వచ్చిన కొడుకులూ అడగడం లేదన్నది మరీ విడ్డూరం.

శిక్షణ అయ్యాక కొందరు ఆటోనగర్ లేత్ షాపుల్లో కుదురుకుంటున్నారు. కొందరు చెన్నై వైపు వెళ్తున్నారు. పెద్ద సంస్థల నోటిఫికేషన్ల కోసం గదిలోనే ఉండి చదువుకునేవారూ ఉన్నారు.

రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు పడుకోబోయే ముందు ఆనాడు చేసిన పనిని రికార్డు పుస్తకంలో రాసుకోవాలి. ఏ ముక్క, ఏ కొలత, ఎంత తేడా వచ్చింది అన్నీ రాయాలి. పక్కవాడు దీపం ఆర్పమని విసుక్కుంటాడు. ఈలోగా ఊరి నుంచి ఫోను మోగుతుంది. పర్మినెంటు ఎప్పుడు చేస్తారని తండ్రి అడుగుతాడు. సూపర్‌వైజరును కనుక్కుని చెబుతానని కుర్రాడు ఆ పూటకు తప్పించుకుంటాడు.