దుకాణంలో ఇంటివారి కష్టం: సాయమా, జీతమా, వాటానా?

మన ఊళ్లలో చిన్న వ్యాపారం ఒక్కరి పేరున నడుస్తుంది గాని, ఒక్కరి చేతుల మీద నడవదు. చాయ్ హోటల్లో గల్లాపెట్టె దగ్గర అబ్బా కూర్చుంటే, ఇంట్లో అమ్మీ సమోసాలు చుట్టి పంపుతుంది. పెద్దకొడుకు తెల్లవారకముందే వెళ్లి పాలు, పంచదార తెస్తాడు. సాయంత్రం రద్దీ వేళకు బావమరిది వచ్చి నిలబడతాడు. రంజాన్ రోజుల్లో స్నేహితుడు తన పని మానుకుని చేయి కలుపుతాడు. వీరెవరికీ జీతం లేదు. అడగాలన్న ఆలోచన కూడా వారికి రాదు.

ఇది మన కుటుంబాల బలం. అయితే లెక్క లేని ఈ కష్టమే కొన్ని ఇళ్లలో పదేళ్ల తర్వాత అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా చేస్తోంది. కారణం దురాశ కాదు. ఆ కష్టం ఏమిటో మొదట్లో ఎవరూ తేల్చుకోకపోవడమే.

కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి జరుపుతున్న శ్రామిక శక్తి సర్వేలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవారిని కూడా పనివారిగానే లెక్కిస్తారు. వారిని స్వయం ఉపాధి పొందేవారిలో చేర్చి, ప్రత్యేకంగా ఒక కోడ్ ఇస్తారు. అంటే సర్కారు లెక్కలో వారు ఉన్నారు. మన ఖాతా పుస్తకంలోనే లేరు.

లాభం ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. సరుకు, అద్దె, గ్యాస్, కరెంటు ఖర్చులు పోను హోటల్లో నెలకు 30,000 రూపాయలు మిగిలాయనుకుందాం. సమోసాలు బయట చేయిస్తే 9,000, ఉదయం పనికి ఒక మనిషిని పెడితే 8,000, సాయంత్రానికి మరొకరిని పెడితే 6,000 అవుతుందనుకుందాం. మొత్తం 23,000. ఇక మిగిలేది 7,000. అందులో యజమాని రోజంతా నిలబడిన కూలి కూడా ఇంకా తీయలేదు.

30,000 లాభం వస్తోందన్న ధైర్యంతో ఆయన అప్పు చేసి రెండో హోటలు తెరిస్తే, అక్కడ సమోసాలు చుట్టడానికి మరో అమ్మీ ఉండదు. జీతాలు ఇవ్వాలి, వాయిదాలు కట్టాలి. మొదటి హోటల్లో లాభమనుకున్నది చాలావరకు ఇంటివారి కూలేనని అప్పుడు తెలుస్తుంది. జీతం ఇవ్వకపోయినా సరే, వారి పని విలువను కాగితం మీద వేసి చూడాలి. వ్యాపారం నిజంగా నిలబడుతోందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

మూడింటిలో ఏది?

ఇంటివారి పనికి మూడే రూపాలున్నాయి. మొదటిది సాయం. తిరిగి ఏమీ ఆశించకుండా చేసేది. రెండవది జీతం. ఇంతని ముందే మాట్లాడుకుని చేసేది, వెంటనే ఇవ్వలేకపోతే బాకీగా నిలిచేది. మూడవది వాటా. లాభంలో భాగం ఉంటుంది, నష్టంలోనూ ఉంటుంది.

ముగ్గురూ మూడు రకాలుగా అనుకోవడం వల్లే చిక్కు వస్తుంది. కొడుకు సాయం చేస్తున్నాడని తండ్రి అనుకుంటాడు. తనది వాటా అని కొడుకు అనుకుంటాడు. కనీసం జీతమైనా ఇవ్వకూడదా అని కోడలు అనుకుంటుంది.

స్నేహితుల విషయంలోనూ ఇంతే. "సగం నీదే భాయ్" అన్న మాట చాయ్ తాగుతూ అనడం తేలిక. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామ్యం ఒప్పందం వల్ల పుడుతుంది, బంధుత్వం వల్ల కాదు. భాగస్వామి అయినవాడు సంస్థ అప్పులకు కూడా బాధ్యుడవుతాడు. కాబట్టి వాటా ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఆలోచించే ఒప్పుకోవాలి.

తండ్రి పోయిన తర్వాత

అసలు కష్టం ఇక్కడ ఎదురవుతుంది. మన వారసత్వ నియమాల్లో తండ్రి బ్రతికి ఉండగా ఆయన ఆస్తిలో కొడుక్కి జన్మహక్కు లేదు. ఎన్నేళ్లు దుకాణంలో పనిచేసినా, ఆ కారణంగా వాటా పెరగదు.

తండ్రి పేరున ఉన్న దుకాణం, సరుకు కలిపి 40 లక్షలనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు లేవు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షల్లో కొడుకులకు 14 లక్షల చొప్పున, కూతురికి 7 లక్షలు. ఇరవై ఏళ్లు దుకాణంలో నిలబడిన పెద్దవాడికీ, గల్ఫ్‌లో సంపాదించి తన పేరున ఇల్లు కట్టుకున్న చిన్నవాడికీ సమానమే.

ఇందులో నియమం తప్పేమీ లేదు. పంపకానికి ముందే అంత్యక్రియల ఖర్చు తీయాలి, బాకీలు తీర్చాలి. పెద్దకొడుకు జీతం బాకీగా రాసి ఉంటే అది ముందుగా అతనికి అందేది. నాలుగో వంతు వాటా అని రాసుకుని ఉంటే ఆ 10 లక్షలు అసలు పంపకంలోకే వచ్చేవి కావు. రాత లేదు గనుక అతని ఇరవై ఏళ్లూ సాయం కిందకే వెళ్లాయి. వీలునామాతో సరిదిద్దుదామంటే, సున్నీ నియమాల్లో మిగతా వారసులు ఒప్పుకోనిదే ఒక వారసుడి పేరున రాసిన వసీయతు చెల్లదు. చేయవలసింది జీవించి ఉండగానే, ఆరోగ్యంగా ఉండగానే చేయాలి.

స్త్రీల సొమ్ము, పిల్లల చదువు

దుకాణం పెట్టేటప్పుడు భార్య తన బంగారం తీసి ఇస్తుంది. అది కానుకా, అప్పా? స్త్రీ సొమ్ము స్త్రీదే అని మనకు తెలుసు. అప్పయితే ఎన్ని గ్రాములో, ఎప్పుడు ఇచ్చిందో రాసి ఉంచాలి. మెహర్ బాకీ ఉంటే అది వేరు, దీనితో కలపకూడదు.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు బడి అయ్యాక గాని, సెలవుల్లో గాని, ప్రమాదం లేని పనిలో తమ కుటుంబానికి సాయపడవచ్చు. బడి మానిపించి కూర్చోబెట్టడానికి ఇది అనుమతి కాదు. స్నేహితుడి కొడుకును తెచ్చి పెట్టుకోవడానికి అసలే కాదు.

ఎప్పుడు రాయాలి?

"సొంతవాళ్ల మధ్య రాతకోతలేమిటి?" అని కొందరు నొచ్చుకుంటారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది చెప్పేది అప్పుల లావాదేవీలను రాసుకోవడం గురించే. రాయడం అనుమానం కాదు, నమ్మకాన్ని కాపాడుకునే పద్ధతి.

జకాత్ తీయడానికి మన వ్యాపారులు ఏడాదికి ఒకసారి సరుకు లెక్క చూస్తారు. ఆ రోజే ఇంటివారందరినీ కూర్చోబెట్టండి. ఎవరు ఏ పని చేస్తున్నారు, అది సాయమా, జీతమా, వాటానా, ఎవరి సొమ్ము ఎంత ఉంది అన్నది ఒక పుస్తకంలో రాయండి. తేదీ వేయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. వాటా అని తేలితే న్యాయవాది చేత భాగస్వామ్య పత్రం రాయించి రిజిస్టరు చేయించండి. మసలా సందేహం ఉంటే ఆలిములను అడగండి.

సాయమే అని తేలినా మంచిదే. అప్పుడది తెలిసి, ఇష్టపడి ఇచ్చిన సాయం అవుతుంది. ఇచ్చినవారికి మనసులో కొరత ఉండదు, పుచ్చుకున్నవారు దాన్ని మరచిపోరు.