మీకు తెలుసా? కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు!

కడియం నర్సరీల్లో నారుమళ్ళ మీద పైపుతో చల్లే నీళ్ళ వెనక గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. 1847లో మొదలై 1852కు పూర్తయిన అక్కడి తొలి కట్టను కట్టించినవాడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన పేరు వినగానే నూలుబట్ట గుర్తొస్తుంది. కానీ ఆ ఇంటిపేరుకూ పత్తికీ చుట్టరికమే లేదు.

పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె. ‘కాటుమ్’ అంటే ‘గుడిసెల దగ్గర’. అలాంటి చోట్ల వెలిసిన పల్లెలకు కాటన్, కోటన్ అని పేర్లు పడ్డాయి, అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళకు అదే ఇంటిపేరైంది. మన దగ్గర ర్యాలి, కొవ్వూరు లాంటి ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లైనట్టే! బట్ట కాటన్ దారి వేరు: అరబ్బీ ‘కుతున్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. రెండు మాటలూ చివరికి ఒకే స్పెల్లింగులో కలిశాయి, అంతే.

గుడిసెల పేరున్న మనిషి మన డెల్టాలో వేల గుడిసెలకు అన్నం పెట్టాడని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1803లో పుట్టి 1899లో కన్నుమూసిన ఆయన్ని గోదావరి జనం ఇప్పటికీ ‘కాటన్ దొర’ అనే పిలుస్తారు. ఊరూరా ఉన్న విగ్రహాలకు దండలు వేస్తారు.