వైకల్య నిర్ధారణ బోర్డు ముందు చెప్పవలసిన మాట

నంద్యాల జిల్లా గడివేముల మండలంలో దివ్యాంగుల పింఛను కోరే వ్యక్తి దరఖాస్తు గ్రామ సచివాలయంలో మొదలవుతుంది గాని, దాని భవితవ్యం ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్య బోర్డు గదిలో తేలుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్‌టీఆర్ భరోసా పథకం కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు అందుతున్నాయి. కూలికి వెళ్లలేని మనిషి ఉన్న ఇంట్లో ఈ మొత్తం బియ్యానికీ మందులకూ ఆధారం కాబట్టి, ఆ గదిలో ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి, ఏ కాగితం చూపాలి అన్న విషయాలు ప్రతి కుటుంబమూ ముందుగా తెలుసుకోదగినవి.

ఈ వ్యవస్థకు మూలం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. అంతకు ముందున్న 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఏదైనా ఒక వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు అధికారికంగా ధ్రువపడినవారిని ప్రత్యేక ప్రయోజనాలకు అర్హులుగా నిర్ణయించింది. ఆ శాతాన్ని తేల్చే పరీక్షలను తెలుగు నేల మీద ప్రజలు ‘సదరం’ అంటారు. ఇది వైకల్య నిర్ధారణ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందించిన కంప్యూటర్ విధానానికి సంక్షిప్త నామం. సచివాలయంలో స్లాట్, అంటే పరీక్షకు తేదీ, నమోదు చేసుకున్న వ్యక్తి నిర్ణీత రోజున ఆసుపత్రికి వెళితే సంబంధిత నిపుణులు పరీక్షించి శాతాన్ని నమోదు చేస్తారు.

ఈ పరీక్షలో మాటకు ఉన్న చోటు ఒక పోలికతో తెలుస్తుంది. అమెరికాలో సామాజిక భద్రతా సంస్థ వైకల్య భృతిని నిరాకరించినప్పుడు, అప్పీలులో పరిపాలనా న్యాయమూర్తి ఎదుట విచారణ జరుగుతుంది. దరఖాస్తుదారుడు ఎంతసేపు కూర్చోగలడు, ఎంత బరువు ఎత్తగలడు, ఏ పని చేయగలడు అన్న ప్రశ్నలకు అతడు చెప్పే జవాబే అక్కడ సాక్ష్యాలలో ఒకటి, ఎందుకంటే ఆ దేశంలో తేలవలసినది పనిచేసే శక్తి. భారతదేశంలో తేలవలసినది శాతం, దానిని నిర్ణయించేవి కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మార్గదర్శకాలు. కనుక ఇక్కడ ఎంత కన్నీటితో చెప్పిన మాట అయినా కొలతను నేరుగా మార్చలేదు, కానీ వైద్యుడు దేనిని కొలవాలో, ఏ పరీక్షకు పంపాలో, ఏ పాత రికార్డును విప్పి చూడాలో నిర్ణయించడంలో ఆ మాటకు పెద్ద పాత్ర ఉంది.

కొలత స్వరూపం తెలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కంటి చూపు బాగుంటే మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతమే కాబట్టి, ఆ ఒక్క కారణంతో పింఛను రాదు. చలన వైకల్యం రెండు అంగాలలో ఉన్నప్పుడు ఆ రెండు అంకెలను నేరుగా కూడరు. పెద్ద అంకెను 90 నుంచి తీసివేసి, మిగిలినదానిని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించగా వచ్చినదానిని పెద్ద అంకెకు కలుపుతారు. ఒక అవయవంలో 30, మరొకదానిలో 20 శాతం నష్టం ఉంటే మొత్తం 50 కాక దాదాపు 43 అవుతుంది. 30 దగ్గర ఆగిపోయే మనిషిని 40 దాటించినది రెండవ అవయవమే అయినప్పుడు, దాని గురించి నోరు విప్పకపోవడం ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. పోలియో వల్ల చచ్చుబడిన కాలు అందరికీ కనిపిస్తుంది గాని, భుజం బిగుసుకుపోవడం, వినికిడి తగ్గడం వంటివి అడిగితే తప్ప బయటపడవు. పైగా వినికిడిని చెవి వైద్య నిపుణుడు ఆడియోమెట్రీ అనే వేరే పరీక్షతో కొలవాలి గనుక, ఉన్న సమస్యలన్నిటినీ స్లాట్ నమోదు చేసుకునేటప్పుడే చెప్పడం మేలు.

బోర్డు ముందు మాటకు మొదటి శత్రువు అలవాటైన మర్యాద. ‘ఎలా ఉన్నావు’ అని డాక్టరు అడిగితే ‘బాగానే ఉన్నాను సార్, ఏదో నెట్టుకొస్తున్నా’ అనడం పల్లె మనిషికి సహజమే అయినా, ఆ జవాబులో వైద్యుడు రాసుకోదగినది ఏమీ ఉండదు. ‘పని చేయలేను’ అన్న మాట కూడా అంతే. వరి నాట్లలో నడుము వంచి ఎంతసేపు నిలబడగలరు, పత్తి తీసేటప్పుడు ఏ చేతి వేళ్లు పట్టు తప్పుతాయి, నిండు బిందెతో ఎన్ని అడుగులు వేయగలరు, మిద్దె మెట్లు పట్టుకోకుండా ఎక్కగలరా, స్నానానికీ మరుగుదొడ్డికీ ఎవరి సాయం కావాలి అన్నవి చెబితే ఆ మాట పరీక్షకు దారి చూపుతుంది. నొప్పి రోజుకొక తీరుగా ఉంటే, నెలలో సుమారు ఎన్ని రోజులు మంచం దిగలేరో, మిగతా రోజులు ఎలా గడుస్తాయో రెండూ చెప్పాలి. వాడుతున్న కర్ర, కాలిపర్లు, వినికిడి యంత్రం వెంట తీసుకువెళ్లాలి.

ఈ మర్యాదకు మరో కొసన అతిశయోక్తి ఉంది. కండరాల బలాన్నీ కీళ్ల కదలికనూ వైద్యుడు తన చేతులతో పరీక్షిస్తాడు గనుక, లేని బలహీనతను నటించేవారి మాటకూ కొలతకూ పొంతన కుదరక, నిజంగా ఉన్న బాధను కూడా అనుమానించే పరిస్థితి వస్తుంది. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసపూరితంగా పొందితే రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్ చెబుతోంది.

మానసిక రుగ్మతల విషయంలో వెంట వచ్చిన మనిషి మాటకు విలువ మరింత పెరుగుతుంది. ఈ వైకల్యాన్ని కొలవడానికి భారతీయ మనోవైద్య సంఘం రూపొందించిన ‘ఐడియాస్’ అనే కొలమానం స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగు రంగాలలో ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేసి, రుగ్మత ఎంత కాలంగా ఉన్నదీ లెక్కలోకి తీసుకుంటుంది. ఈ వివరాలు రోగి స్వయంగా చెప్పలేని సందర్భాలు ఎక్కువ కాబట్టి, రోజూ కనిపెట్టుకుని ఉండే తల్లో, భార్యో, అన్నో వెంట వెళ్లి, పరువు పోతుందన్న బెరుకు విడిచి, జరుగుతున్నది జరుగుతున్నట్లు చెప్పాలి.

మాటకు కాగితం తోడుండాలి. ప్రమాదం జరిగిన నాటి ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, ఎక్స్‌రేలు, స్కాన్ నివేదికలు, మందుల చీటీలు, పాత సదరం ధ్రువపత్రం తేదీల వరుసలో పెట్టుకుని, సమస్య ఎప్పుడు మొదలైంది, ఏ చికిత్స జరిగింది, ఇప్పుడు చేయలేని పనులేవి అన్నది ఒకే పేజీలో రాయించుకుంటే, బోర్డు ముందు కంగారులో ముఖ్యమైన సంగతి మరుపున పడదు.

ఈ సన్నాహం ఎంత అవసరమో 2025లో రాష్ట్రంలో జరిగిన పింఛన్ల పునఃపరిశీలనలో తెలిసివచ్చింది. మళ్లీ పరీక్షించినప్పుడు 40 శాతం కంటే తక్కువగా తేలినవారికి ఆ ఏడాది ఆగస్టులో నోటీసులు వెళ్లగా, అప్పీలు చేసుకునే అవకాశం కల్పించారు. గ్రామాలవారు మండల పరిషత్ అభివృద్ధి అధికారికి (ఎంపీడీవో), పట్టణాలవారు మునిసిపల్ కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వాలన్న ఆ ఏర్పాటు ప్రకారం గడివేముల వాసికి దారి ఎంపీడీవో కార్యాలయం, నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణవాసులకు పురపాలక కార్యాలయం. అప్పీలులో పేదరికాన్ని వర్ణించడం కంటే, పాత ధ్రువపత్రంలోని శాతమెంత, కొత్త పరీక్షలో ఏ అవయవాన్ని చూడలేదు, ఏ నివేదికను పరిగణించలేదు అని సూటిగా రాయడం ఫలిస్తుంది. నోటీసులోని గడువు దాటనివ్వకుండా, ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసుకోవడం కూడా అంతే ముఖ్యం.

ధ్రువపత్రం నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని నిబంధనలు చెబుతుండగా, ఆ నిర్ణయంపై అప్పీలు హక్కును దివ్యాంగుల హక్కుల చట్టంలోని 59వ సెక్షన్ ఇస్తోంది. కలెక్టరేట్‌లో సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు, దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం కల్పించింది గనుక, 15100 నంబరుకు ఫోన్ చేసి అప్పీలు రాయడానికి సాయం కోరవచ్చు.

బాధ్యత అంతా చెప్పేవారిది మాత్రమే కాదు. వైద్య విద్య ప్రవేశానికి సంబంధించిన ఓంకార్ రామచంద్ర గోండ్ కేసులో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, బోర్డులు శాతాన్ని చూసి ఆగిపోకుండా ఆ వ్యక్తి ఏమి చేయగలడో పరిశీలించి, తమ అభిప్రాయానికి కారణాలు నమోదు చేయాలని చెప్పింది. ఆ తీర్పు పింఛన్లకు సంబంధించినది కాకపోయినా, అంకె వెనుక మనిషిని చూడమన్న దాని సూత్రం ఏ బోర్డుకైనా వర్తించదగినదే. అయితే, రోగి చెప్పని బాధకు కారణాలు నమోదు చేయడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. దాచకుండా, పెంచకుండా, వివరంగా చెప్పిన మాట ఒక్కసారి రికార్డుకెక్కితే, నిర్ణయం ప్రతికూలంగా వచ్చినా అప్పీలు నిలబడటానికి ఆధారం మిగులుతుంది.