ప్రాక్టికల్ నర్సు నుండి రిజిస్టర్డ్ నర్సు వరకు

గడచిన ఆదివారము అర్చన ముగిసి ప్రసాదము పంచుచుండగా, మన సంఘమునకు చెందిన ఒక తల్లి నా చెంతకు వచ్చి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, కాలిఫోర్నియాలో ఉన్న మా పెద్దమ్మాయి మరల కళాశాలలో చేరెదనని పట్టుపట్టినది. వయస్సా, ముప్పదియారు. బిడ్డలా, ఇద్దరు. ఎనిమిదేండ్లుగా వృద్ధుల శరణాలయములో రాత్రులు మేలుకొని నర్సుపని చేయుచున్నది. నర్సుగా ఉన్నదానికి మరల నర్సు చదువేల? మీ మాట వినును. వద్దని మీరొక్కమారు చెప్పవలెను."

కొంత తడవూరకుండి, గొంతు తగ్గించి మరల ఇట్లనెను: "తరగతికి పోనక్కరలేదు, సొమ్ము కట్టిన పట్టా వచ్చునని ఎవరో దానితో చెప్పిరట. చేరియే తీరవలెనన్న, అదియైనను మేలు కాదా?"

నేను వెంటనే బదులు చెప్పలేదు. నేను చదివినది మన సంగము పాఠశాలలో ఎనిమిదవ తరగతి వరకే. తెలియని సంగతిలో తీర్పు చెప్పుట అర్చకునకు తగదు. కావున ఆ దారిలో నడచి గట్టెక్కిన మన ఆడబిడ్డలిద్దరితో ఫోనులో మాటలాడి, చెప్పినదెల్ల వ్రాసికొంటిని. ఫిజీ దీవుల నుండి పోయి కాలిఫోర్నియాలో రోగులకును వృద్ధులకును ఊడిగము చేయు బిడ్డలు మన ఇండ్లలో అనేకులు కలరు. వారి తలిదండ్రులందరికిని పనికివచ్చునని తలచి ఆ సంగతులను ఇచట తెలుపుచున్నాను.

అమెరికాలో నర్సులందరును ఒక్క తరగతికి చెందినవారు కారు. సుమారు ఒక సంవత్సరము శిక్షణ పొంది, పరీక్ష నిచ్చి లైసెన్సు పొందువారు ప్రాక్టికల్ నర్సులు. కాలిఫోర్నియా, టెక్సాసు రాష్ట్రములలో వీరినే వొకేషనల్ నర్సులందురు. రిజిస్టర్డ్ నర్సులు అంతకంటె ఎక్కువకాలము చదివి వేరొక పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. పై చూపునకు ఇరువురును ఒకే పని చేయుచున్నట్లుండును. ఇరువురును మందులిత్తురు, గాయములు కట్టుదురు, రోగిని ఓదార్తురు. మరి భేదమెచట?

ఆ బిడ్డలలో ఒకామె చెప్పిన ఉదాహరణము వినుడు. రాత్రి రెండు గంటలవేళ ఒక వృద్ధునకు శ్వాస భారమైనదనుకొందము. ప్రాక్టికల్ నర్సు దానిని కనిపెట్టును, నాడి చూచును, లెక్కలు వ్రాయును, పైవారికి తెలియజేయును. ఆ లెక్కలనన్నిటిని కూర్చి, ఇది గుండెకు సంబంధించినదా, ఊపిరితిత్తులకు సంబంధించినదా, వైద్యుని ఈ క్షణమే లేపవలెనా, ముందుగా ఏమి చేయవలెను అని నిర్ణయించి, ఆ రోగి సంరక్షణకు పథకము వేసి, దాని మంచిచెడులకు జవాబుదారీ వహించునది రిజిస్టర్డ్ నర్సు. "ఎనిమిదేండ్లు నేను చూచితిని, చెప్పితిని. ఇప్పుడు నేను తేల్చవలెను" అని ఆమె అనెను. ఇందులో మొదటి సేవ తక్కువది, రెండవది గొప్పది అని కాదు. రెండవదానికి వలయు చదువు వేరు.

ఈ చదువు సామాన్య కుటుంబములకు అందుబాటులోనికి వచ్చిన వైనమును చెప్పవలెను. పూర్వము అమెరికాలో నర్సులలో పెక్కుమంది ఆసుపత్రుల పాఠశాలలలో మూడేండ్లుండి, అచటనే పనిచేయుచు నేర్చుకొనెడివారు. 1951లో మిల్‌డ్రెడ్ మోంటాగ్ అను విదుషీమణి, రెండేండ్ల కళాశాలలలో నర్సులను తీర్చిదిద్దవచ్చునని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్సు కాలేజీలో చేసిన పరిశోధనలో ప్రతిపాదించెను. 1952లో కొన్ని కళాశాలలలో దానిని ప్రయోగించి చూచిరి. ఆ విధానము ఫలించి దేశమంతట వ్యాపించెను. పగలు పనిచేయు తల్లులును, వయస్సు గడచినవారును నర్సు చదువులో చేరగలుగుటకు ఈ కళాశాలలు పెద్ద ఆధారమైనవి.

ప్రాక్టికల్ నర్సులకు అందులో మరియొక సౌకర్యము కలదు. వారు ఇదివరకే నేర్చినదానిని లెక్కలోనికి తీసికొని, పెక్కు కళాశాలలు వారిని నేరుగా నర్సింగు రెండవ సంవత్సరములో చేర్చుకొనును. దీనిని వంతెన చదువు అనవచ్చును. అయితే వంతెన ఎక్కుటకు ముందు మెట్లున్నవి. శరీర నిర్మాణము, శరీర ధర్మములు, సూక్ష్మజీవుల శాస్త్రము, ఇంగ్లీషు, మనస్తత్త్వము మున్నగు పాఠములను మంచి మార్కులతో ముగించవలెను. ఉద్యోగము చేయుచు వీనిని ముగించుటకే ఏడాదియో, అంతకు మించియో పట్టును. పిమ్మట తరగతులు, ఆసుపత్రిలో అభ్యాసము. అన్నియు ముగిసిన తరువాత ఎన్‌క్లెక్స్ అను జాతీయ పరీక్ష. దీనికి గడువు ఐదు గంటలు. ప్రశ్నలు 85కు తక్కువ కాకుండను, 150కి మించకుండను వచ్చును. ఇచ్చిన జవాబులను బట్టి కంప్యూటరే తరువాతి ప్రశ్నను ఎన్నుకొనును. కావున బట్టీపట్టినవారికి ఈ పరీక్ష లొంగదు.

కాలిఫోర్నియాలో మరియొక పొట్టిదారియు కలదు. వొకేషనల్ నర్సు గరిష్ఠముగా 30 సెమిస్టరు యూనిట్ల చదువు ముగించి, పట్టా లేకయే రిజిస్టర్డ్ నర్సు పరీక్షకు కూర్చుండవచ్చును. ఇది చట్టసమ్మతమైనదే. కాని ఈ దారిన పొందిన లైసెన్సును ఇతర రాష్ట్రములు అంగీకరింపకపోవచ్చును. రేపు భర్తకు వేరొక రాష్ట్రములో ఉద్యోగము దొరకిన, ఆమె పదవి సరిహద్దు దగ్గరనే ఆగిపోవచ్చును. ఈ సంగతి తెలిసి ఎన్నుకొన్న తప్పులేదు. తెలియక ఎన్నుకొనుటయే కష్టము.

ఇక ఆ తల్లి గొంతు తగ్గించి అడిగిన రెండవ ప్రశ్న. 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వమువారు ఫ్లోరిడాలో ఒక పెద్ద మోసమును బయటపెట్టిరి. మూడు పాఠశాలల పేర సుమారు 7,600 దొంగపట్టాలు అమ్ముడుపోయెను. ఇరువదియైదు మందిపై నేరము మోపిరి. కొన్నవారిలో సుమారు 2,400 మంది పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సులు సంపాదించిరి. ఆ పిమ్మట అనేక రాష్ట్రములలో విచారణలు జరిగెను, లైసెన్సులు రద్దయ్యెను. కొన్నవారిలో ఇదివరకు ప్రాక్టికల్ నర్సులుగా నిజాయితీగా పనిచేసినవారును కలరు. ఏండ్ల తరబడి కష్టపడి నిలుపుకొన్న మంచిపేరు ఒక్క కాగితముతో పోయినది. అంతకంటె భయంకరమైనది వేరొకటి కలదు. రాత్రి రెండు గంటలకు ఊపిరాడని ఆ వృద్ధుడు మన తండ్రియే అయినచో, చదువక పట్టా కొన్నవారి చేతిలో ఆయనను పెట్టుదుమా?

సోదరులారా, 1903వ సంవత్సరము మొదలు మన పెద్దలు మద్రాసు రేవున ఓడలెక్కి ఈ దీవులకు వచ్చిరి. తాము చదువలేని గిర్మిట్ కాగితముమీద వ్రేలిముద్ర వేసి, ఐదేండ్లు చెరకుతోటలకు కట్టుబడిరి. అందులో ఏమి వ్రాసియున్నదో పెక్కుమందికి ఇచటికి వచ్చిన తరువాతనే తెలిసినది. వారి మనుమరాండ్రు నేడు చదువనేర్చియు, చదువకయే సంతకము చేయవచ్చునా? ఏ పాఠశాలకైనను సొమ్ము కట్టుటకు ముందు నాలుగు సంగతులు విచారింపవలెను. ఆ పాఠశాలను రాష్ట్ర నర్సింగు బోర్డు ఆమోదించినదా? అందులో చదివినవారిలో నూటికెందరు పరీక్షలో నెగ్గుచున్నారు? అచటి యూనిట్లను ఇతర కళాశాలలు అంగీకరించునా? మొత్తము ఖర్చెంత, అప్పెంత? కాలిఫోర్నియా బోర్డువారు పాఠశాలల వారీగా ఉత్తీర్ణుల లెక్కలను ప్రకటించుచున్నారు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

లాభమెంతయని మగవారు అడుగుదురు. అదియు చెప్పెదను. అమెరికా ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2024 మే నెలలో ప్రాక్టికల్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనము 62,340 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులది 93,600 డాలర్లు. ఇది దేశమంతటికి చెందిన లెక్క. ఊరిని బట్టి హెచ్చుతగ్గులుండును. కాని చదువుకాలములో పనిగంటలు తగ్గును, రాబడి తగ్గును. ఆ రెండు మూడేండ్లకు సరిపడ ఇల్లు సర్దుకొనక చేరినవారు నడుమ మానుకొని, అప్పు మాత్రము మిగుల్చుకొన్నారని ఆ బిడ్డలిద్దరును హెచ్చరించిరి.

కావున ఈ చదువు ఆమె యొక్కతెది కాదు, ఇంటిల్లిపాదిది. వంట భర్త నేర్వవలెను. బిడ్డలను ఎవరైన చూడవలెను. పరీక్ష దగ్గరపడినప్పుడు పెండ్లికి రాలేదని, వ్రతమునకు రాలేదని బంధువులు నిష్ఠురములాడరాదు. నాతో మాటలాడిన రెండవ బిడ్డ ఇట్లనెను: "పాఠములు కష్టమే, కాని ఓర్చుకొంటిని. 'ఈ వయస్సులో నీకేల' అను మాటను ఓర్చుకొనుటయే ఎక్కువ కష్టమాయెను."

ఆ మాట విని నేను తల వంచుకొంటిని. ఎందుకనగా ఆ తల్లి నాచేత చెప్పింపదలచినదియు ఆ మాటయే.

శుక్రవారము ఆమె మరల కోవెలకు వచ్చినప్పుడు ఇదంతయు వివరించి, "అమ్మా, వద్దని నేను చెప్పజాలను. దొంగదారి మాత్రము వద్దని నా మాటగా చెప్పుము" అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. అటుపిమ్మట కూతురి పేరును నక్షత్రమును చెప్పి అర్చన చేయించెను. హారతి కన్నుల కద్దుకొని, "పరీక్షల కాలమునకు నేనే పోయి పిల్లలను చూచుకొనెదను, అయ్యగారూ" అనెను.

అట్టి తల్లులను, అట్టి బిడ్డలను భగవంతుడు చల్లగా చూచుగాక.