సంఘపు కంప్యూటరు: యంత్రము, ఆదేశము, లెక్క

మన వ్యవసాయ పరపతి సంఘముల కార్యాలయములలో ఆవర్జా పుస్తకములకు మారుగా కంప్యూటరు వచ్చి కొంతకాలమైనది. దేశమునందలి 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును భారత ప్రభుత్వము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. ఈ యంత్రము గుమాస్తా బల్లమీద నుండును గాని, దానిలోని లెక్క సభ్యునిది. అయినను సొమ్ము చెల్లింపవచ్చిన సభ్యునకు కిటికీయొద్ద అప్పుడప్పుడు వినవచ్చు జవాబు ఒకటి కలదు. "కంప్యూటరు తీసుకుంటలేదు పటేలా, రేపు రండి."

ఈ మాటకు వెల యెంతయో చూతము. కిసాన్ క్రెడిట్ కార్డుపై నియమిత పరిమితికి లోబడి తీసికొన్న పంట ఋణమునకు వడ్డీ సాలునకు 7 శాతము. గడువులోపల చెల్లించినవారికి అందులో 3 శాతము కేంద్ర ప్రభుత్వపు ప్రోత్సాహకముగా తగ్గి, 4 శాతమే పడును. లక్ష రూపాయలు ఋణమున్న సభ్యుడు గడువుదినమున సొమ్ము మూటగట్టుకొని వచ్చి, ఈ జవాబు విని తిరిగిపోయినచో, సంవత్సరమునకు 3,000 రూపాయల రాయితీ చేజారవచ్చును. ఇంతకును తీసికొననిది యేది? యంత్రమా? యంత్రమునకు పని చెప్పు ఆదేశమా? దూరమునుండి వచ్చు తీగయా? ఇవి వేరువేరు వస్తువులు. చెడినది యేదో గ్రహించినవానికి ఏమి అడుగవలెనో తెలియును. కావున ఈ నెల చీడపీడల సంగతి పక్కనబెట్టి, కంప్యూటరు నిర్మాణమును గూర్చి వ్రాయదలచితిమి.

చేతితో తాకదగిన భాగములన్నిటిని కలిపి హార్డువేరు అందురు. కీబోర్డు, మౌసు మనము చెప్పినదానిని లోపలికి కొనిపోవును; తెర, ప్రింటరు లోపలిదానిని వెలికి తెచ్చును. వీనిని చదువరులు చూచియేయున్నారు గనుక విస్తరింపము. తెర ఆరిపోయినంతమాత్రమున లెక్క పోయినదని భయపడరాదనుట మాత్రము చెప్పవలసియున్నది. దీపమారిన కొట్టులో బస్తాలు ఉన్నచోటనే యుండును గదా.

అసలు పని జరుగునది బల్లక్రింది పెట్టెలో. దాని మూత తీసిచూచినచో వెడల్పైన పలక యొకటి కనబడును, అది మదర్‌బోర్డు. దానిమీద చిన్న పంకా క్రింద అణగియున్న చదరపు బిళ్ల ప్రాసెసరు. కూడుట, పోల్చుట, ఒకచోటినుండి యొకచోటికి మార్చుట వంటి చిల్లర పనులే దానికి తెలియును. కాని వేగము వింతయైనది. నేటి సామాన్యమైన ప్రాసెసరులోని గడియారము సెకనుకు 300 కోట్ల పర్యాయములు కొట్టుకొనును; ఆ తాళమునకే పని నడచును. వేగమున్నది గాని వివేకము లేదు. గుమాస్తా 15,000 అనుటకు 1,50,000 అని కొట్టినచో, ఆపివేయుమని ముందుగా ఎవరైనను ఆదేశము వ్రాసియుంచిననే తప్ప, అది అంతే విధేయతతో స్వీకరించును.

ప్రాసెసరునకు పనిచేయుటకు ఒక తావు, దాచుటకు ఒక తావు కావలెను. మొదటిది ర్యాము, రెండవది డిస్కు. ఈ రెంటి భేదము పసుపు పండించువారికి చెప్పుట సులభము. ఉడికించిన పసుపును కళ్లములో ఆరబోసినప్పుడు ప్రతి కొమ్ము చేతికందును, తిరుగవేయవచ్చును, ఏరవచ్చును. కాని అకాలవర్షము వచ్చెనా, దానికి రక్షణ లేదు. ఎండి, మెరుగుపట్టి, బస్తాలకెత్తి గిడ్డంగి చేర్చిన సరుకు అంత త్వరగా చేతికందదు గాని వానకు తడియదు. ర్యాము కళ్లము; డిస్కు గిడ్డంగి. ఇచ్చట వాన యనగా కరెంటు పోవుట. ర్యాములో నున్నది కరెంటు పోయిన క్షణమున తుడిచిపెట్టుకొనిపోవును. డిస్కుకు చేరినది నిలుచును. కళ్లమునుండి గిడ్డంగికి చేర్చుటనే 'సేవ్' చేయుట అందురు. యూపీయస్ అను బ్యాటరీపెట్టె టార్పాలిను వంటిది. అది పని సాగించుటకు కాదు. ఉన్నదానిని త్వరత్వరగా చేర్చి యంత్రమును క్రమముగా ఆపుటకు కొన్ని నిమిషముల వ్యవధి యిచ్చును. బ్యాటరీ చచ్చిన యూపీయస్‌ను అలంకారముగా నుంచుకొనుట చినిగిన టార్పాలిను కప్పుటయే.

డిస్కులు రెండు జాతులు. పాతదానిలో నున్నని బిళ్లలు నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగుచుండగా, సన్నని ముల్లు వానిని తాకీతాకకుండ పైన తేలుచు వ్రాయును, చదువును. తిరుగుచున్నప్పుడు పెట్టెను తన్నినను, ఎత్తి వేసినను ముల్లు బిళ్లను గీచివేయవచ్చును. క్రొత్త జాతియగు ఎస్సెస్‌డీలో కదలు భాగములు లేవు, వేగమును ఎక్కువ. అయినను రెండును ఏదో యొకనాడు చెడునవియే.

మన ప్రాంతమున ఈ యంత్రములకు ప్రత్యేకమైన శత్రువు దుమ్ము. జనవరి మొదలు వేసవి వరకు పసుపు తీయుట, ఆరబెట్టుట, డ్రమ్ములలో మెరుగుపట్టుట సాగుచుండ, పసుపుపొడి కిటికీలగుండ వచ్చి పెట్టెలోని పంకాలకు పట్టును. పంకా గాలి యాడనిచో ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకు నెమ్మదించును, లేక ఆగిపోవును. అప్పుడు "కంప్యూటరు పాతబడినది, క్రొత్తది కొనవలె"నను తీర్మానమునకు సంఘము రాకముందు, ఒకపరి కరెంటు తీసివేసి మూత విప్పి మెత్తని కుంచెతో దుమ్ము దులిపించుట మేలు. మూడు రూపాయల పనికి ముప్పదివేలు పెట్టనేల?

ఈ విద్య కేవలము పరదేశపుది యని తలపనక్కరలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. దానిని నెలకొల్పి నడపిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు తెలుగువారు; ఏ.ఎస్.రావు నగరము వారి పేరిటిదే. టీడీసీ-12 అను కంప్యూటరు ఆ సంస్థలోనే తయారైనది. ఒక బల్లమీద ఇముడు వ్యక్తిగత కంప్యూటరును ఐబీఎం కంపెనీ అమెరికాలో విక్రయమునకు తెచ్చినది 1981లో. నేడు మన సంఘములలో నున్న చాల పెట్టెలు ఆ వంశములోనివే.

ఇక సాఫ్టువేరు. ఇది చేతికి తగులునది కాదు. ప్రాసెసరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచిన ఆదేశముల సముదాయము. ఇది లేనిచో పెట్టె ఇనుము, రాగి, ప్లాస్టిక్కుల ముద్దయే. సాఫ్టువేరులోను రెండంతస్తులు కలవు. క్రిందిది ఆపరేటింగు సిస్టము. విండోసు, లినక్సు ఇట్టివి. కీబోర్డు మాట వినుట, ప్రింటరుకు కాగితము పంపుట, డిస్కులో ఎచ్చట ఏది యున్నదో గుర్తుంచుకొనుట దీని పని. దానిమీద నిలుచునది సంఘపు లెక్కల ప్రోగ్రాము. వడ్డీ కట్టునది, రసీదు తయారుచేయునది ఇదియే. క్రింది అంతస్తు పాతబడినచో మీదిదానికిని అపాయము. విండోసు 10కు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సామాన్య సేవను ముగించిరి. అట్టి యంత్రము ఆగిపోదు, చక్కగా పనిచేయుచునే యుండును. కాని తరువాత బయల్పడు రంధ్రములకు మరమ్మతు రాదు. సభ్యుల ఖాతాలున్న యంత్రమును అట్లు వదలుట మాకు సమ్మతము కాదు.

తెలుగు అక్షరముల చిక్కు కూడ సాఫ్టువేరుదే. యంత్రమునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె యను విషయమున లోకమంతటికి ఒకే పట్టిక యుండవలెనని యూనికోడు ఏర్పడినది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. దాని ప్రకారము 'ఆర్మూరు' అను మాటలో ఏడు సంకేతములు కలవు: ఆ, ర, పొల్లు, మ, ఊత్వము, ర, ఉత్వము. దీనికి భిన్నముగా, అచ్చుపనిలో విరివిగా వాడిన అను లిపులు ఇంగ్లీషు అక్షరముల అంకెలకే తెలుగు రూపములు తొడిగినవి. అందుచేత అను లిపిలో తయారైన సభ్యుల జాబితాను ఆ లిపి లేని యంత్రములో తెరచినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడును. జాబితా పాడుకాలేదు, చదువు పట్టిక లేదంతే.

పేర్ల తగవు ఇంతకంటె నష్టకరము. యంత్రము పేరును చెవితో వినదు, సంకేతమునకు సంకేతము పోల్చును. 'లక్ష్మి', 'లక్ష్మీ' దానికి ఇద్దరు మనుష్యులు. ఇంగ్లీషులో ఎక్స్ అక్షరముతో వ్రాసిన లక్ష్మియు, కే ఎస్ హెచ్ అక్షరములతో వ్రాసిన లక్ష్మియు అట్లే. ఆధారు కార్డులో ఒకటి, పాసుపుస్తకములో ఒకటి, బ్యాంకులో మరియొకటి ఉన్నచో ప్రభుత్వపు సొమ్ము రాక ఆగవచ్చును. దీనికి గుమాస్తాతో జగడమాడిన ప్రయోజనము లేదు. మూడు కాగితములలోను అక్షరములను ఒకటిగా దిద్దించుకొనవలెను.

వ్రేలిముద్ర పడని సందర్భమును ఇట్టిదే. ముద్ర పట్టునది చిన్న పరికరము, పోల్చునది సాఫ్టువేరు. దుంప త్రవ్వి, కొమ్ములు విరిచి అరిగిన వ్రేళ్లపై గీతలు సన్నబడును. పసుపుపొడి వానిని కప్పును. చేతులు కడుగుకొని, పరికరపు అద్దమును తుడిపించి, బొటనవ్రేలు పడనిచో వేరొక వ్రేలు పెట్టి చూడవలెను. ఆధారులో పెద్దవారివి పది వ్రేళ్లును నమోదగును.

యంత్రము, ఆదేశము అయినవి. మూడవదియగు లెక్క యెక్కడ నుండును? ఇది కిటికీయొద్ద నున్న పెట్టెలోనే యుండవలెనని లేదు. 2016 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమైన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిలో మొదటి 21 మార్కెట్లలో మన నిజామాబాదు యార్డు ఒకటి. ఆర్మూరు, అంకాపూరు రైతులు పసుపు కొనిపోవునది అచ్చటికే. అచ్చట వ్యాపారి తన ధరను యంత్రములో నమోదు చేయగా, అది తీగవెంబడి దూరమందున్న పెద్ద కంప్యూటరునకు, అనగా సర్వరునకు చేరును. యార్డులోని తెర కిటికీ మాత్రమే. లెక్క సర్వరులో నున్న సంఘములయందును ఇంతే. కావున ఎదుటి పెట్టె చెడినను ఖాతా చెక్కుచెదరదు. తీగ తెగినచో పెట్టె బాగున్నను పని నడువదు.

ఇప్పుడు మొదటి జవాబునొద్దకు వత్తము. "తీసుకుంటలేదు" అన్నప్పుడు మర్యాదగా, ఇంటర్నెట్టు లేదా, సర్వరు పలుకుట లేదా, ప్రింటరు పనిచేయుట లేదా, నా ఖాతాకే ఆటంకమా అని అడుగవచ్చును. ప్రింటరు మాత్రమే చెడినచో సొమ్ము జమ కట్టుటకు అడ్డము లేదు; రసీదు తరువాత అచ్చు వేయవచ్చును, తెరమీది జమను అప్పుడే చూపుమనవచ్చును. తక్కిన సభ్యుల సొమ్ము ఎక్కుచు తన దొక్కటియే ఎక్కనిచో లోపము యంత్రములో లేదు, తన పేరులోనో ఖాతా సంఖ్యలోనో కలదు. తీగయో సర్వరో చెడినచో, తాను ఆ దినము సొమ్ముతో వచ్చినట్లు కార్యదర్శిచేత తేదీ, సంతకములతో వ్రాయించుకొనవలెను. పిమ్మట జమ పడినప్పుడు ఏ తేదీ పడినదో చూచుకొనవలెను. గడువునకు వారము ముందే చెల్లించిన సభ్యునకు ఈ ప్రయాస లేదు గాని, పసుపు అమ్మిన సొమ్ము చేతికి వచ్చుట ఎల్లప్పుడును మన చేతిలో లేదని మేమెరుగుదుము.

సంఘపు లెక్క స్థానికముగా కార్యాలయపు డిస్కులోనే యున్నచో సంగతి వేరు. పెట్టె పోయిన క్రొత్త పెట్టె దొరకును. ప్రోగ్రాము పోయిన తిరిగి ఎక్కింపవచ్చును. ప్రతి లేని లెక్క పోయినచో ఎంత సొమ్మిచ్చినను దొరకదు. మహాజన సభలో సభ్యులు మూడు ప్రశ్నలు అడుగదగును. లెక్కల ప్రతి కడపటిసారి ఏ తేదీన తీసిరి? ఆ ప్రతి అదే గదిలో, అదే బీరువాలో నున్నదా, వేరొక యింట నున్నదా? దానినుండి ఒక ఖాతానైన తిరిగి తెరచి చూచినవారు కలరా?